మిర్చి మనది, కొలబద్ద ఎవరిది?

గుంటూరు నుంచి మిర్చి ఎగుమతి చేసే వ్యాపారుల మధ్య తరచూ వినపడే ప్రశ్న ఒకటుంది: "ఈ సరుకు ఆస్టా ఎంత?" ఆస్టా అంటే రంగుకి ఇంకో పేరని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఒక సంఘం పేరు. అమెరికన్ స్పైస్ ట్రేడ్ అసోసియేషన్ అన్న పేరును కుదించి ఆస్టా అంటారు. మసాలా దినుసుల వ్యాపారులు కలిసి 1907లో అమెరికాలో పెట్టుకున్న సంఘమిది. ఎండుమిర్చిలో ఎరుపు ఎంత ఉందో తేల్చడానికి ఈ సంఘం ఒక పద్ధతి ఖాయం చేసింది. మిరప పొడిని అసిటోన్‌లో నానబెట్టి, అందులోకి దిగిన రంగు 460 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటుందో యంత్రంతో చూస్తారు. దాన్ని బట్టి కట్టిన అంకెనే ఆస్టా కలర్ వాల్యూ అంటారు.

పల్నాడులో పండి, కల్లాంలో ఎండి, టిక్కీల్లో కూరుకుని యార్డుకొచ్చిన కాయ విలువను తేల్చే అంకెల్లో ఒకదానికి అమెరికా వ్యాపారుల సంఘం పేరుంది. మన మిర్చిని ఇటీవలి సంవత్సరాల్లో ఎక్కువగా కొంటున్నది అమెరికా కాదు, చైనా. అయినా కొలత పేరు మాత్రం అమెరికాది. ఒక వ్యాపార సంఘం చెయ్యగలిగిన అతి పెద్ద పని ఏమిటో ఈ ఒక్క విషయంలోనే తెలుస్తుంది. అమెరికాలో పోటీ కంపెనీలన్నీ కూర్చుని ధరలు కలిసి నిర్ణయించుకుంటే అది నేరం, 1890 నాటి షెర్మన్ చట్టం ఒప్పుకోదు. కొలతలు కలిసి నిర్ణయించుకోవడానికి మాత్రం అడ్డు లేదు. కొలత ఎవరి చేతిలో ఉంటే బేరంలో వాళ్ళది పైచేయి అవుతుందని సంత చూసిన ఎవరికైనా తెలుసు.

గత రెండు మూడేళ్ళలో మసాలా దినుసులు పదే పదే వార్తల్లోకి ఎక్కాయి. ఇథిలీన్ ఆక్సైడ్ గొడవ, దాల్చినచెక్కలో సీసం, సుంకాలు, కృత్రిమ రంగుల మీద వేటు, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వీటిలో చాలావాటి వెనక ఈ సంఘం మాటో, మౌనమో ఉంది. ఇక్కడ మన వంటింట్లో పోపుల డబ్బాకీ, అక్కడ రైతు ఇంట్లో అప్పుల పద్దుకీ దీనితో సంబంధముంది కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

సంఘం ఎందుకు పుట్టింది?

అమెరికాలో ఆహార కల్తీని అరికట్టే మొదటి పెద్ద చట్టం, ప్యూర్ ఫుడ్ అండ్ డ్రగ్ యాక్ట్, 1906లో వచ్చింది. అంతకు ముందు మిరియాల పొడిలో కొబ్బరి చిప్పల పొడి, ఆలివ్ గింజల పొడి కలిపి అమ్మడం మామూలు సంగతి. చట్టం వచ్చిన మరుసటి ఏడాదే ఆస్టా ఏర్పడింది. ఇందులో దిగుమతిదారులున్నారు, పొడులు ఆడించే కంపెనీలున్నాయి, ఇతర దేశాల ఎగుమతిదారులూ ఉన్నారు. అమెరికాలో అమ్ముడయ్యే మసాలాల్లో అధిక భాగం ఈ సంఘ సభ్యుల చేతుల మీదుగానే వెళుతుంది.

నిజాయితీగా వ్యాపారం చేసేవాడికి కల్తీ వ్యాపారి వల్ల రెండు నష్టాలు. కల్తీ సరుకు చవక కాబట్టి బేరం అటు పోతుంది. అది బయటపడిన రోజున జనం అందరినీ ఒకే గాటన కడతారు. అందుకని మంచివాళ్ళంతా కలిసి ఒక గీత గీసుకోవడం వాళ్ళకే లాభం. ఆస్టా గీసిన అలాంటి గీతే క్లీన్లీనెస్ స్పెసిఫికేషన్స్, అంటే శుభ్రతా ప్రమాణాలు. మిరప, మిరియాలు, పసుపు, జీలకర్ర, ఇలా ఒక్కో దినుసులో చచ్చిన పురుగులు ఎన్ని దాకా ఉండొచ్చు, ఎలుకల మలం ఎన్ని మిల్లీగ్రాములు, బూజు పట్టినవి ఎంత శాతం, మట్టీ పుల్లా ఎంత అని పట్టిక వేసి పెట్టారు. ఎండుమిర్చిలో బూజు కాయలు బరువులో 3 శాతం దాటకూడదు. చదవడానికి ఒళ్ళు జలదరించినా, ఎండలో ఎండి గోనెసంచుల్లో వేల మైళ్ళు వచ్చే పంటకి "సున్నా" అని రాసుకుంటే అది కాగితం మీదే ఉంటుంది. పాటించగలిగే అంకె రాయడమే తెలివైన పని.

ఈ పట్టిక చట్టం కాదు. అయినా పని చేసింది. ఎందుకంటే కొనేవాడు ఒప్పందంలోనే "ఆస్టా ప్రమాణాలకు లోబడి" అని రాసుకుంటాడు. సరుకు తప్పితే డబ్బు రాదు. ఇన్‌స్పెక్టరు రావడానికి నెలలు పట్టొచ్చు, చెక్కు ఆగిపోవడానికి ఒక్క పూట చాలు.

సంఘం మాట చెల్లిన చోటు

2009-10లో అమెరికాలో సాల్మొనెల్లా మాంటెవిడియో అనే బ్యాక్టీరియా సోకి 272 మంది జబ్బు పడ్డారు. వాళ్ళలో చాలామంది తిన్నది సలామీ. ఆరా తీస్తే దానికి పట్టించిన మిరియాలు, ఎర్ర మిరప పొడి దగ్గర తేలింది. ఆ తర్వాత 2013లో ఎఫ్‌డీఏ ఒక నివేదిక వెలువరించింది. 2007 నుంచి 2009 దాకా దిగుమతైన మసాలాల్లో 6.6 శాతం సరుకులో సాల్మొనెల్లా కనిపించిందని, మిగతా దిగుమతి ఆహారాలతో పోలిస్తే ఇది సుమారు రెట్టింపని అందులో ఉంది. ఈలోగా 2011లో ఆహార భద్రతా ఆధునికీకరణ చట్టం వచ్చింది. అదే ఏడాది ఆస్టా తన సభ్యుల కోసం శుభ్రమైన, సురక్షితమైన మసాలాల తయారీకి మార్గదర్శకాలు విడుదల చేసింది. చేలో కోత దగ్గర్నుంచి గోడౌన్ దాకా ఏం చెయ్యాలి, సూక్ష్మక్రిములను చంపే ప్రక్రియ ఎక్కడ ఉండాలి, దాని తర్వాత సరుకు మళ్ళీ ఎలా చెడకుండా చూడాలి అన్నవి అందులో చెప్పారు. ప్రభుత్వ నియమాలు పూర్తిగా అమల్లోకి రాక ముందే సభ్యులు సిద్ధమయ్యేలా చూడడం మంచి పనే. దీన్ని ఒప్పుకోవాలి.

రెండో ఉదాహరణ సుంకాలు. 2025 ఆగస్టులో భారతదేశం నుంచి వచ్చే సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి పెరిగింది. మిరియాలు, దాల్చినచెక్క, లవంగాల్లాంటివి అమెరికా నేల మీద వ్యాపార స్థాయిలో పండవని, పండనిదాని మీద సుంకం వేస్తే ఇక్కడి రైతుకు ఒరిగేదేమీ లేదని, భారం మోసేది ఇక్కడి వినియోగదారుడేనని ఆస్టా వాదిస్తూ వచ్చింది. కాఫీ, టీ వ్యాపారుల వాదనా అదే. 2025 నవంబర్ 14న వెలువడిన ఉత్తర్వులో కాఫీ, టీలతో బాటు చాలా మసాలా దినుసులకి మినహాయింపు దొరికింది. ఒక్క ఆస్టా వల్లే జరిగిందనలేం, కిరాణా ధరల మీద జనం గగ్గోలు కూడా అప్పటికి పెద్దదైంది. కానీ ప్రభుత్వం దిగివచ్చే సమయానికి లెక్కలు, జాబితాలు, వాదనా సిద్ధంగా పెట్టుకుని కూర్చోవడమే సంఘం పని. ఆ పని అది చేసింది.

వాదన తిరగబడే చోటు

ఇథిలీన్ ఆక్సైడ్ దగ్గర కథ మారుతుంది. ఇది వాయువు. మూసిన గదిలో మసాలాలకు పట్టిస్తే సాల్మొనెల్లా వంటి క్రిములు చస్తాయి, రంగూ రుచీ పెద్దగా చెడవు. కానీ దీన్ని పీల్చితే మనుషులకు క్యాన్సర్ వస్తుందని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2016లో తేల్చింది. యూరప్ 1991లోనే ఆహారం మీద దీని వాడకాన్ని నిషేధించింది. అమెరికాలో మాత్రం మసాలాల మీద వాడవచ్చు. మిగిలిపోయే అవశేషం పది లక్షల భాగాలకు 7 భాగాలు దాటకూడదన్నది ఈపీఏ పరిమితి. యూరప్ పరిమితి మసాలాలకు కిలోకు 0.1 మిల్లీగ్రాము, అంటే పది లక్షలకు పదో వంతు భాగం. పైగా యూరప్ ఈ లెక్కలో ఆ వాయువు మారి ఏర్పడే ఇంకో రసాయనాన్ని కూడా కలుపుతుంది. అమెరికాలో ఆ రసాయనానికి విడిగా ఇంకా ఎంతో పెద్ద పరిమితి ఉంది.

2024 ఏప్రిల్‌లో హాంకాంగ్ అధికారులు ఎండీహెచ్, ఎవరెస్ట్ కంపెనీల కొన్ని మసాలాల్లో ఈ రసాయనం ఉందని ప్రకటించారు. సింగపూర్ ఎవరెస్ట్ ఫిష్ కర్రీ మసాలాను వెనక్కి పిలిపించింది. తమ ఉత్పత్తులు సురక్షితమైనవేనని కంపెనీలు చెప్పాయి. ఆ మేలో భారత స్పైసెస్ బోర్డు హాంకాంగ్, సింగపూర్‌లకు వెళ్ళే సరుకుకి పరీక్షలు తప్పనిసరి చేసింది. ఈ వివాదంలో ఆస్టా వైఖరి దాపరికం లేనిదే. ఇథిలీన్ ఆక్సైడ్ అమెరికాలో చట్టబద్ధమని, క్రిములను చంపడానికి అవసరమని ఆ సంఘం ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది.

ఆ వాదనలో పస లేకపోలేదు. సాల్మొనెల్లా ఈ వారమే ఆసుపత్రి పాలు చేస్తుంది, అవశేషం వల్ల ప్రమాదం దశాబ్దాల మీద లెక్కించేది. ఆవిరితో, రేడియేషన్‌తో కూడా క్రిములను చంపవచ్చు. కానీ ఆవిరికి ఖరీదైన యంత్రాలు కావాలి, కొన్ని దినుసుల వాసన తగ్గుతుంది. రేడియేషన్ చేసిన మసాలా పొట్లం అమెరికా దుకాణంలోకి రావాలంటే ఆ సంగతి లేబుల్ మీద వెయ్యాలి, అది చూసి జనం వెనకాడతారు. వాయువుకి ఆ లేబుల్ బాధ లేదు. ఇక్కడే సంఘం ప్రయోజనమూ ప్రజల ప్రయోజనమూ విడివిడి దారులు పడతాయి. అసలు కష్టం ఎవరిదంటే, ఒకే పంటను ఇటు అమెరికాకీ అటు యూరప్‌కీ పంపాల్సిన భారతీయ ఎగుమతిదారుడిది. ఒక తీరంలో రక్షణ అనిపించుకున్నది ఇంకో తీరంలో నేరమవుతుంది. పొరపాటున ఒక గోడౌన్ సరుకు ఇంకో ఓడ ఎక్కిందంటే పేరు పోయేది "ఇండియా మసాలా"కే.

ఆ దెబ్బ ఎలా ఉంటుందో మనకు 2003, 2005లలో తెలిసివచ్చింది. భారతదేశం నుంచి వెళ్ళిన మిరప పొడిలో సూడాన్-1 అనే రంగు ఉందని 2003లో ఫ్రాన్స్ బయటపెట్టింది. వెంటనే యూరప్ ప్రతి సరుకుకీ పరీక్షా పత్రం అడిగింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఆ కల్తీ పొడి కలిసిన ఒక సాస్ వల్ల 400కు పైగా ఆహార ఉత్పత్తులను దుకాణాల నుంచి తీసెయ్యాల్సి వచ్చింది. రంగు కలిపినవాళ్ళు బహుశా గుప్పెడు మంది. రంగు ఎక్కువుంటే ధర ఎక్కువ అని మార్కెట్ చెప్పినప్పుడు, కాయలో లేని రంగును డబ్బాలోంచి తెచ్చి కలిపేవాడు పుడతాడు. కొలత ఒకటే పెట్టి, ఆ అంకె ఎలా వచ్చిందో అడగకపోతే జరిగేది ఇదే.

సంఘం గీత చాలని చోటు

సీసం సంగతి ఇంతకన్నా బాధాకరం. 2023 చివర్లో అమెరికాలో చిన్నపిల్లలు తినే యాపిల్ గుజ్జు పొట్లాల్లో సీసం బయటపడింది. అందులో కలిపిన దాల్చినచెక్క పొడే దానికి కారణం. ఆ పొడి ఈక్వడార్‌లోని ఒక మరలో ఆడించినది. ధృవీకరించినవీ, అనుమానించినవీ కలిపి 500కు పైగా కేసులు నమోదయ్యాయి. 2024 మార్చి నుంచి ఎఫ్‌డీఏ దుకాణాల్లో దొరికే దాల్చినచెక్క పొడుల మీద వరుసగా హెచ్చరికలు జారీ చేసింది.

ఇంత జరిగినా, 2025 చివరి నాటికి మసాలాల్లో సీసం ఎంత దాటకూడదో చెప్పే జాతీయ పరిమితి అమెరికాలో లేదు. యూరప్ 2021లో పసుపు, అల్లం వంటి దుంప జాతి మసాలాలకు కిలోకు 1.5 మిల్లీగ్రాములని ఖాయం చేసింది. భారతదేశంలో పసుపుకి ఉన్న పరిమితి 10. ఒకే పసుపు కొమ్ముకి మూడు దేశాల్లో మూడు న్యాయాలు. చట్టం లేని చోట వ్యాపార సంఘం సలహాలు మాత్రమే మిగులుతాయి. సలహా సభ్యుడికే. సభ్యుడు కానివాడికి అదీ లేదు.

సభ్యులు కానివాళ్ళెవరు? మన ఇండియన్ స్టోర్లలో కనిపించే చిన్న చిన్న బ్రాండ్లను తెప్పించే దిగుమతిదారులు చాలావరకు ఈ కోవలోకే వస్తారు. పెద్ద కంపెనీ తన సరఫరాదారు ఫ్యాక్టరీ దాకా వెళ్ళి తనిఖీ చేస్తుంది. ఏడాదికి సగటున సుమారు పది లక్షల డాలర్ల లోపు అమ్మకాలున్న దిగుమతిదారుకు మాత్రం అమెరికా నియమాల్లో వెసులుబాటు ఉంది. సరఫరాదారు నుంచి రాతపూర్వక హామీ తీసుకుంటే చాలావరకు సరిపోతుంది. చిన్న వ్యాపారి బతకాలి, అది నిజమే. కానీ అమెరికాలో తలకు అందరికన్నా ఎక్కువ పసుపు, కారం, ధనియాల పొడి తినేది మన ఇళ్ళలోనే. తక్కువ నిఘా ఉన్న దారిలోంచి వచ్చే సరుకు ఎక్కువగా చేరేదీ మన ఇళ్ళకే.

ఇంకో దారి మన సూట్‌కేసులు. న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖ 2008 నుంచి 2017 దాకా దాదాపు 1500 మసాలా నమూనాలు పరీక్షించింది. సగానికి పైగా వాటిల్లో సీసం కనిపించింది. ఇక్కడ కొన్నవాటికన్నా విదేశాల్లో కొని తెచ్చుకున్నవాటిలో సగటున ఎక్కువ ఉంది. ఊళ్ళో అమ్మ దగ్గరుండి మర పట్టించిన కారంలో తప్పుందని దీని అర్థం కాదు. ఊరి పేరు చూసి నమ్మకుండా, ఏ కొమ్ము ఎక్కడ కొన్నారో, ఎక్కడ ఆడించారో అడగాలని మాత్రమే అర్థం.

ఈ రోగానికి మందు లేదనుకోనక్కర్లేదు. బంగ్లాదేశ్‌లో పసుపుకి మెరుపు రావడానికి లెడ్ క్రోమేట్ అనే పసుపు రంగు కలిపేవారు. పరిశోధకులు 2019లో ఇది బయటపెట్టాక అక్కడి ఆహార భద్రతా సంస్థ హెచ్చరికలు ప్రచురించి, మార్కెట్ల మీద దాడులు చేసి, వ్యాపారులకు జరిమానాలు వేసింది. 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో సీసం కనిపిస్తే, 2021 నాటికి అది సున్నాకి వచ్చింది. ఆ పని ఏ వ్యాపార సంఘం ఒక్కటీ చెయ్యగలిగేది కాదు. పరిశోధన, ప్రభుత్వం, పత్రికలు ఒక వైపు నిలబడితే జరిగింది.

రైతు ఎక్కడున్నాడు?

ఇప్పుడు మళ్ళీ గుంటూరు వెళదాం. ఎఫ్‌డీఏ 2025 జనవరిలో రెడ్-3 అనే కృత్రిమ రంగుకి అనుమతి రద్దు చేసింది. పెట్రోలియం నుంచి తీసే మిగతా రంగులను కూడా మానిపిస్తామని ఏప్రిల్‌లో ప్రకటించింది. వాటి స్థానంలోకి రావడానికి సిద్ధంగా ఉన్నవాటిలో మిరప రంగు, పసుపు రంగు ముందున్నాయి. అంటే రంగున్న మిర్చికి గిరాకీ పెరిగే అవకాశముంది. బ్యాడిగి కాయలో రంగు ఎక్కువ, కారం తక్కువ. తేజ కాయ బలం కారం. ఏ రకం వెయ్యాలో, రంగు చెడకుండా ఎలా ఎండబెట్టాలో, ఎంతకాలం కోల్డ్ స్టోరేజీలో ఉంచాలో రైతుకి ముందుగా తెలిస్తే ఇది అవకాశం. తెలియకపోతే ఎప్పటిలాగే అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. 2025 మొదట్లో మిర్చి ధర ఎంత పడిపోయిందంటే, ఆ ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు లెక్కగట్టి ఆంధ్రప్రదేశ్ రైతుల కోసం మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది.

అమెరికా కొనుగోలుదారుకి ఆస్టా ఉంది. కొచ్చిలో మన ఎగుమతిదారులకి ఆలిండియా స్పైసెస్ ఎక్స్‌పోర్టర్స్ ఫోరం ఉంది. ప్రభుత్వం తరఫున స్పైసెస్ బోర్డుంది. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు కూడా మొదలైంది. ప్రపంచ ప్రమాణాలు రాసే కోడెక్స్‌లో మసాలాల కమిటీకి 2013 నుంచి ఆతిథ్య దేశం భారతదేశమే. ఇన్ని బల్లల చుట్టూ రైతు కుర్చీ ఎక్కడుందో వెతుక్కోవాలి. అంకె తప్పిందని సరుకు వెనక్కి వస్తే కోత పడేది చివరికి అతని ధరలోనే. ఆ అంకె ఎంతుందో పరీక్ష చేసి చెప్పే సదుపాయం మాత్రం అతనికి యార్డు గేటు దగ్గర కావాలి, కొచ్చిలోనో న్యూజెర్సీలోనో కాదు. తన టిక్కీ ఆస్టా ఎంతో తెలిసిన రైతు కమీషన్ ఏజెంటుతో ఒకలా మాట్లాడతాడు, తెలియని రైతు ఇంకోలా మాట్లాడతాడు.

మనం చెయ్యగలిగింది

వ్యాపార సంఘాన్ని దేవుడనీ అనక్కర్లేదు, దొంగ అనీ అనక్కర్లేదు. అది పెట్టినవాళ్ళ కోసం పని చేస్తుంది, చెయ్యాలి కూడా. పోటీదారుల కల్తీ ఆపడం సభ్యులకు లాభమైనప్పుడు మనకీ మేలు జరుగుతుంది. కఠినమైన నియమం సభ్యులకు ఖర్చయినప్పుడు అది ఆ నియమాన్ని వాయిదా వేయించడానికి చూస్తుంది. కాబట్టి అది గీసిన గీతను వాడుకోవాలి, ఆ గీతే ఆఖరిదని మాత్రం ఒప్పుకోకూడదు.

మనలో ఆహార, మందుల కంపెనీల్లో నాణ్యతా విభాగాల్లో పనిచేసేవాళ్ళున్నారు, ల్యాబులు నడిపేవాళ్ళున్నారు, లాయర్లున్నారు. అమెరికాలో ఒక నియమం ప్రతిపాదనలో ఉన్నప్పుడు ఎవరైనా అభిప్రాయం రాసి పంపవచ్చు. అది పౌరులకే పరిమితం కాదు. మసాలాల్లో సీసానికి పరిమితి పెట్టమని కంపెనీలు రాస్తాయో లేదో గాని, రోజూ పసుపు తినే కుటుంబాల తరఫున మన సంఘాలు రాయవచ్చు. చిన్న దిగుమతిదారులు విడివిడిగా పరీక్షలు చేయించలేకపోతే పది మంది కలిసి ఒకే ల్యాబుతో ఒప్పందం చేసుకోవచ్చు. అలా చేయించి ఫలితాన్ని దుకాణంలో అతికించిన వ్యాపారి దగ్గర మనం పది సెంట్లు ఎక్కువిచ్చి కొనవచ్చు. ఊరికి ఏదైనా చెయ్యాలని చందాలు పోగుచేసే మిత్రులు గుడి, బడి తర్వాత ఒక రైతు సంఘానికి టార్పాలిన్ పట్టాలు, తేమ కొలిచే మీటరు, రంగు పరీక్షకు ఏర్పాటు గురించి కూడా ఆలోచించవచ్చు. పంటను నేల మీద కాక పట్టా మీద ఆరబెట్టి, తేమ చూసి కట్టిన కాయకి బూజు పట్టడం తగ్గుతుంది, బూజుతో వచ్చే అఫ్లాటాక్సిన్ విషమూ తగ్గుతుంది.

నూటపద్దెనిమిదేళ్ళకు పైగా ఆస్టా నిలబడిందంటే కారణం దాని సభ్యులకి తమ అవసరమేమిటో తెలిసి, అది కాగితం మీద అంకెల్లో రాసుకోవడం. మిర్చి పండించే జిల్లాలూ మనవే, ఎక్కువగా తినే ఇళ్ళూ మనవే. ఆ అంకెల పక్కన మన అంకెలు కూడా రాసి పెట్టడం మనకి మించిన పనేమీ కాదు.